సీ షార్ప్‌లో కాన్‌స్ట్ ఎక్కడ, రీడ్‌ఓన్లీ ఎక్కడ

కాన్‌స్ట్‌కీ రీడ్‌ఓన్లీకీ తేడా ఏంటని డాట్ నెట్ ఇంటర్వ్యూకి వెళ్లే ఏ కుర్రాణ్ణి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు: ఒకటి కంపైల్ టైమ్ (కోడుని ప్రోగ్రాంగా మార్చేటప్పుడే విలువ ఖరారవుతుంది), ఇంకోటి రన్ టైమ్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు ఖరారవుతుంది). జవాబు కరెక్టే, మార్కులూ పడతాయి. కానీ విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో ఒక రెడీమేడ్ హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసి, ఏడాదికి నాలుగుసార్లు దాన్ని సర్దాల్సినవాడికి ఆ ఒక్క ముక్కతో పని జరగదు. ఆ విలువ ఎవరి ఫైల్లో కూర్చుంటుంది, మారిన రోజున ఎన్ని ఫైళ్లు మళ్లీ కంపైల్ చెయ్యాలి అన్నది తెలియాలి. అది తెలిస్తే ఏది ఎక్కడ పెట్టాలన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

(కింద కోడు వచ్చిన చోట కీవర్డులు కూడా తెలుగు లిపిలోనే రాశాం. ఎడిటర్లో మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టుకోండి. పేర్లు మాత్రం తెలుగులో పెట్టినా సీ షార్ప్ కంపైలర్ ఒప్పుకుంటుంది.)

ఒక్క డీఎల్‌ఎల్ మార్చి వచ్చేస్తే ఏమవుతుంది

రెడీమేడ్ బట్టల జీఎస్టీ సంగతే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22కి ముందు పీసు ధర 1,000 రూపాయలు దాటకపోతే 5 శాతం, దాటితే 12 శాతం. ఆ తేదీ నుంచి హద్దు 2,500కి పెరిగింది, దాటినవాటికి 18 శాతం అయింది. ఇప్పుడు షాపులో ఉన్న ప్రోగ్రాం రెండు ముక్కలనుకోండి: బిల్లు కొట్టే మెయిన్ ఎగ్జీ (నేరుగా నడిచే ఫైలు) ఒకటి, పన్ను లెక్కలుండే డీఎల్‌ఎల్ (ఎగ్జీ వాడుకునే లైబ్రరీ ఫైలు) ఒకటి. డీఎల్‌ఎల్‌లో ఈ లైను ఉంది:

పబ్లిక్ కాన్‌స్ట్ ఇంట్ రెడీమేడ్_హద్దు = 1000;

దాన్ని 2500 చేసి, డీఎల్‌ఎల్ బిల్డ్ చేసి, ఎనీడెస్క్‌లో షాపు కంప్యూటర్‌కి ఎక్కి ఆ ఒక్క ఫైలు మార్చేసి వచ్చారు. మన దగ్గర చిన్న షాపులకి సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లలో చాలామంది పద్ధతి ఇదే, అందులో తప్పేమీ లేదు. కానీ మర్నాడు 1,800 రూపాయల షర్టుకి ఇంకా పై రేటే పడుతుంది. ఎగ్జీ 1000తోనే పోలుస్తోంది మరి.

ఎందుకంటే కాన్‌స్ట్‌ని వాడిన చోటల్లా కంపైలర్ దాని పేరు తీసేసి విలువనే అచ్చు గుద్దేస్తుంది. ఎగ్జీ కంపైలైన రోజున ఆ విలువ 1000, కాబట్టి ఎగ్జీలో 1000 అన్న అంకే ఉంటుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ విలువ కోసం డీఎల్‌ఎల్ వైపు తొంగి కూడా చూడదు. మీరు కొత్త డీఎల్‌ఎల్ పెట్టినా, దాంట్లో 2500 రాసినా, అడిగేవాడే లేడు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. బిల్లు మాత్రం తప్పు వస్తుంది. ఇంతకన్నా క్రాష్ అయ్యే బగ్గే నయం, కనీసం ఆ రోజే ఫోనొస్తుంది.

అదే లైను ఇలా ఉంటే:

పబ్లిక్ స్టాటిక్ రీడ్‌ఓన్లీ ఇంట్ రెడీమేడ్_హద్దు = 1000;

ఎగ్జీలో అంకె ఉండదు, "ఫలానా డీఎల్‌ఎల్‌లో ఫలానా ఫీల్డ్ చదువు" అన్న ఆదేశం ఉంటుంది. ఫైలు మార్చి ప్రోగ్రాం మళ్లీ తెరిస్తే చాలు, కొత్త విలువ వస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఓ పావుగంట పెట్టి చూడండి. పన్నులు అనే క్లాస్ లైబ్రరీ, బిల్లింగ్ అనే కన్సోల్ ప్రాజెక్ట్ పెట్టి, మొదటిదాన్ని రెండోదానికి రిఫరెన్స్ ఇవ్వండి. లైబ్రరీలో రెండు పేర్లు పెట్టి ఒకదాన్ని కాన్‌స్ట్, ఇంకోదాన్ని స్టాటిక్ రీడ్‌ఓన్లీ చెయ్యండి, రెంటికీ 1000. కన్సోల్‌లో రెండూ ప్రింట్ చెయ్యండి. బిల్డ్ చేసి, బిల్లింగ్ బిన్ ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకోండి. అదే మీ "షాపు కంప్యూటర్". ఇప్పుడు లైబ్రరీలో రెంటినీ 2500 చేసి, లైబ్రరీ ప్రాజెక్ట్‌ని మాత్రమే బిల్డ్ చేసి, ఆ డీఎల్‌ఎల్ ఒక్కటీ డెస్క్‌టాప్ ఫోల్డర్లోకి వేసి నడపండి. కాన్‌స్ట్ 1000 చూపిస్తుంది, రీడ్‌ఓన్లీ 2500 చూపిస్తుంది. ఐఎల్‌స్పై లాంటి టూల్లో ఆ బిల్లింగ్ ఫైలు తెరిచి ఐఎల్ (కంపైలర్ తయారుచేసిన కోడు) వ్యూకి మారితే కారణం కళ్ల ముందే ఉంటుంది: మొదటి చోట ఎల్‌డీసీ ఆదేశం పక్కన నేరుగా 1000, రెండో చోట ఎల్‌డీఎస్‌ఎఫ్‌ఎల్‌డీ, దాని పక్కన ఫీల్డ్ పేరు.

విజువల్ స్టూడియోలో ఎఫ్5 కొట్టేవాడికి ఈ తేడా జన్మలో కనిపించదు. సొల్యూషన్లో అన్ని ప్రాజెక్టులూ ఒకేచోట ఉంటాయి, లైబ్రరీలో కాన్‌స్ట్ మారితే దాన్ని వాడుకునే ప్రాజెక్టులు కూడా మళ్లీ కంపైలవుతాయి. డెవలపర్ మిషన్లో ఎప్పుడూ కరెక్టే, షాపులో మాత్రమే తప్పు. "మా దగ్గర బాగానే వస్తోందండీ" అన్న మాట ఇలాంటి చోటే పుడుతుంది.

బూల్ కాన్‌స్ట్ అయితే ఇంకో మెట్టు పైకెళుతుంది. లైబ్రరీలో కొత్త_స్కీం అనే పబ్లిక్ కాన్‌స్ట్ ఫాల్స్ అని ఉండి, ఎగ్జీలో దాని మీద ఇఫ్ రాస్తే, ఆ ఇఫ్ లోపలి కోడుని కంపైలర్ ఎగ్జీలో అసలు పెట్టనే పెట్టదు. చేరుకోలేని కోడు అని సీఎస్0162 వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. తర్వాత డీఎల్‌ఎల్‌లో ట్రూ చేసినా ఆన్ చెయ్యడానికి అక్కడ కోడే లేదు. ఫీచర్ స్విచ్‌లకి పబ్లిక్ కాన్‌స్ట్ ఎప్పుడూ వాడొద్దు.

డెసిమల్ గురించి చిన్న మెలిక. రన్‌టైమ్‌కి డెసిమల్ లిటరల్ అంటూ లేదు. కాన్‌స్ట్ డెసిమల్ అని రాస్తే కంపైలర్ లోపల దాన్ని ఒక స్టాటిక్ ఫీల్డ్‌గా చేసి, పైన ఒక యాట్రిబ్యూట్‌లో విలువ గుర్తు పెట్టుకుంటుంది. అది చూసి "అయితే డెసిమల్‌కి ఈ బాధ లేదన్నమాట" అనుకోకండి. వాడిన చోట కంపైలర్ ఆ యాట్రిబ్యూట్ చదివి విలువనే దించుతుంది. 0.12 అని గుద్దేస్తే అక్కడా 0.12గానే ఉండిపోతుంది.

ఇదంతా పబ్లిక్ కాన్‌స్ట్‌ల గొడవ. ప్రైవేట్ కాన్‌స్ట్ ఆ క్లాసు దాటి బయటికి పోదు, విలువ మారితే వాడిన చోటు కూడా దాంతోపాటే కంపైలవుతుంది. ఇంటర్నల్ కూడా అంతే, ఇంకో అసెంబ్లీకి (అంటే వేరే డీఎల్‌ఎల్‌కో ఎగ్జీకో) ఇంటర్నల్స్ చూసే అనుమతి ఇస్తే తప్ప. కాబట్టి ఒక మెథడ్‌లో పదిసార్లు వచ్చే అంకెకి పేరు పెట్టాలంటే మొహమాటం లేకుండా ప్రైవేట్ కాన్‌స్ట్ పెట్టండి. ఎగ్జీ ఒక్కటే ఉన్న ప్రోగ్రాంలో, లేదా ప్రతిసారీ పబ్లిష్ ఫోల్డర్ మొత్తం మార్చే చోట కూడా ఈ సమస్య తలెత్తదు. అన్నట్టు, పబ్లిక్ మెథడ్‌లో డిఫాల్ట్ పారామీటర్ విలువలూ, ఈనమ్ (అంకెలకి పేర్లు పెట్టిన జాబితా) అంకెలూ ఇలాగే పిలిచినవాడి ఫైల్లో అచ్చయిపోతాయి. ఈనమ్ మధ్యలో కొత్త పేరు ఇరికిస్తే కిందున్న అంకెలన్నీ జరిగిపోయి, పాత ఎగ్జీకి అర్థాలు తారుమారవుతాయి. కొత్త పేరు ఎప్పుడూ చివర్లో చేర్చండి, లేదా మొదటినుంచే అంకెలు మీరే రాసుకోండి.

నిజంగా మారనివి ఏవి

"ఇది మారదులే" అనుకుని కాన్‌స్ట్ పెట్టే విలువల్లో సగం మారేవే. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకి ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. విభజన తర్వాత జిల్లాలు 13 అని ఎన్ని ప్రోగ్రాముల్లో గుద్ది ఉంటారో. 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి. విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. 13 అన్న అంకెని అర్రే సైజుకి వాడుంటే పద్నాలుగో జిల్లా దగ్గర ఇండెక్స్ ఎర్రర్‌తో పడిపోతుంది. లూప్ హద్దుగా వాడుంటే పడదు, మిగతా జిల్లాలు రిపోర్టులో కనబడవంతే. వాహనాల నంబర్లదీ ఇదే కథ: గుంటూరుకి ఏపీ 07, విజయవాడకి ఏపీ 16 అని జిల్లా కోడుతో పాత బండ్లు, 2019లో కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 అని ఒకటే కోడు వచ్చింది. జీఎస్టీలో ఆంధ్రప్రదేశ్ కోడు 37. పాత మాస్టర్ డేటాలో 28 అని ఉంటే అది ఉమ్మడి రాష్ట్రం నాటి కోడు.

మరి కాన్‌స్ట్‌కి ఏవి తగుతాయి? మారితే దాని అర్థమే మారిపోయేవి. క్వింటాకి 100 కిలోలు. గుంటూరు మిర్చి యార్డులో రేటు క్వింటా లెక్కనే చెప్తారు, కాటా కిలోల్లో పడుతుంది, మధ్యలో ఉన్న ఆ 100 ఎప్పటికీ 100. నిమిషానికి 60 సెకన్లు. లాభాన్ని శాతంలోకి మార్చే 100. డాట్ నెట్‌వాళ్లు కూడా ఇదే లెక్కలో వెళ్లారు: మ్యాథ్ డాట్ పై, ఇంట్ డాట్ మ్యాక్స్‌వాల్యూ కాన్‌స్ట్‌లు. ఫోల్డర్ పేర్ల మధ్య వచ్చే గీత మాత్రం స్టాటిక్ రీడ్‌ఓన్లీ, ఎందుకంటే విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఇంకోలా ఉంటుంది, ప్రోగ్రాం నడిచే మిషన్‌ని బట్టి తేలాలి.

అదే యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) బరువుని మాత్రం కాన్‌స్ట్ చేసే పని పెట్టుకోకండి. ఏ టిక్కీ ఎంత తూగుతుందో కాటా మీదకి ఎక్కితేనే తెలుస్తుంది. అది ఆ లాటు తాలూకు ఆబ్జెక్టుకి కన్‌స్ట్రక్టర్‌లో వచ్చి, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడని విలువ. అంటే స్టాటిక్ లేని మామూలు రీడ్‌ఓన్లీ. బిల్లు నంబరు, బిల్లు తేదీ కూడా ఈ కోవలోవే. కాన్‌స్ట్ ఈ పని చెయ్యలేదు. అది క్లాసు మొత్తానికి ఒకటే, స్వతహాగా స్టాటిక్. పైన మళ్లీ స్టాటిక్ అని రాస్తే సీఎస్0504 అని ఎర్రర్ కొడుతుంది.

జీఎస్టిన్ (వ్యాపారి జీఎస్టీ నమోదు నంబరు) పొడవు 15 అక్షరాలు అన్నది మధ్యస్థం. ముందు రాష్ట్రం కోడు 2, తర్వాత పాన్ 10, చివర 3. ఫార్మాటే మారితే తనిఖీ కోడు మొత్తం తిరగరాయాలి కాబట్టి దాన్ని కాన్‌స్ట్ చెయ్యొచ్చు, కానీ తనిఖీ చేసే క్లాసులో ప్రైవేట్‌గా ఉంచండి. బయటివాళ్లకి 15తో పనేముంది, సరైందా కాదా అని అడిగే మెథడ్ ఇస్తే సరిపోతుంది.

కంపైలర్ మీకు ఎంపిక ఇవ్వని చోట్లు

కొన్ని చోట్ల కాన్‌స్టే దిక్కు. యాట్రిబ్యూట్ బ్రాకెట్లలో ఇచ్చే విలువలు (సీఎస్0182), మెథడ్ పారామీటర్‌కి డిఫాల్ట్ (సీఎస్1736), స్విచ్‌లో కేస్ పక్కన పెట్టే విలువ. స్ట్రింగ్ డాట్ ఎంప్టీ స్టాటిక్ రీడ్‌ఓన్లీ కాబట్టి డిఫాల్ట్ పారామీటర్‌గా ఒప్పుకోదు, ఖాళీ కోట్స్ పెట్టుకోవాలి. మెథడ్ లోపల లోకల్ వేరియబుల్‌కి కూడా కాన్‌స్ట్ పెట్టొచ్చు, రీడ్‌ఓన్లీ పెట్టలేం.

యాట్రిబ్యూట్‌లో డెసిమల్ అసలు నడవదు, కాన్‌స్ట్ డెసిమల్ అయినా సరే. ధర 0 నుంచి 2,500 మధ్య ఉండాలని రేంజ్ యాట్రిబ్యూట్ పెట్టాలంటే, మొదట టైప్ఆఫ్ డెసిమల్ ఇచ్చి, హద్దులు రెండూ కోట్స్‌లో స్ట్రింగ్‌లుగా ఇచ్చే రూపం ఒకటుంది, అది వాడండి.

రెండో వైపు, కాన్‌స్ట్‌ని ముట్టుకోనివ్వనివి: డేట్‌టైమ్, టైమ్‌స్పాన్, గైడ్, అర్రేలు, మీరు రాసుకున్న క్లాసులు, స్ట్రక్టులు. అంకెలు, క్యారెక్టర్, బూల్, స్ట్రింగ్, ఈనమ్, వీటికే కాన్‌స్ట్ ఒప్పుకుంటుంది. స్ట్రక్ట్ అయితే సీఎస్0283 వస్తుంది. స్ట్రింగ్ కాని రిఫరెన్స్ టైప్ అయితే నల్ తప్ప ఇంకేదీ పెట్టనివ్వదు, అది సీఎస్0134. 5 గంటల 30 నిమిషాల మన టైమ్ తేడాని టైమ్‌స్పాన్‌గా పెట్టాలంటే స్టాటిక్ రీడ్‌ఓన్లీనే. కాన్‌స్టే కావాలంటే 330 నిమిషాలు అని ఇంట్‌లో పెట్టుకుని, వాడే చోట మార్చుకోవాలి.

సీ షార్ప్ 10 నుంచి ఒక వెసులుబాటు వచ్చింది: డాలర్ గుర్తుతో రాసే స్ట్రింగ్ లోపల పెట్టినవన్నీ కాన్‌స్ట్ స్ట్రింగ్‌లైతే మొత్తం స్ట్రింగ్‌ని కూడా కాన్‌స్ట్ చెయ్యొచ్చు. లోపల ఇంట్ పెడితే ఒప్పుకోదు. అంకెని స్ట్రింగ్‌గా రాసే పద్ధతి కల్చర్‌ని బట్టి మారొచ్చు కాబట్టి కంపైలర్ ముందే ఖరారు చెయ్యలేదు.

రీడ్‌ఓన్లీ ఇచ్చే ధైర్యం ఎంతవరకు

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడతారు. రీడ్‌ఓన్లీ అంటే ఆ ఫీల్డ్‌లోకి ఇంకో ఆబ్జెక్టుని ఎక్కించలేరు, అంతే. ఉన్న ఆబ్జెక్టు లోపల ఏం జరుగుతుందో దానికి పట్టదు. పబ్లిక్ స్టాటిక్ రీడ్‌ఓన్లీ లిస్ట్ అని పెట్టి అందులో జిల్లాల పేర్లు వేస్తే, ప్రోగ్రాంలో ఎక్కడినుంచైనా యాడ్ చెయ్యొచ్చు, క్లియర్ కూడా కొట్టొచ్చు. వెబ్‌సైట్‌లో అయితే ఒక యూజర్ రిక్వెస్ట్‌లో లిస్ట్ కదిలితే ఆ ప్రాసెస్‌లో ఉన్న అందరికీ కదిలినట్టే. అర్రే అయినా తేడా లేదు. పైన టైపుని ఐరీడ్‌ఓన్లీలిస్ట్ అని మార్చినా లోపల ఉన్నది లిస్టే, కాస్ట్ చేసి మార్చేసేవాడు మారుస్తాడు. గట్టిగా బిగించాలంటే ఇమ్యూటబుల్ అర్రే పెట్టండి. వెతుక్కునే పట్టిక అయితే డాట్ నెట్ 8 నుంచి ఫ్రోజెన్ డిక్షనరీ ఉంది. కట్టడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది, వెతకడం వేగం. ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారి కట్టి రోజంతా చదివే హెచ్‌ఎస్‌ఎన్ కోడుల (జీఎస్టీలో సరుకు రకాన్ని చెప్పే కోడుల) పట్టికకి సరిగ్గా సరిపోతుంది.

స్ట్రక్ట్‌తో తేడా ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. టోకెన్ నంబర్లు పెంచే చిన్న స్ట్రక్ట్ ఒకటి రాసి, లోపల పెంచు అనే మెథడ్ పెట్టారు. దాన్ని ఒక క్లాసులో రీడ్‌ఓన్లీ ఫీల్డ్‌గా పెట్టి పెంచు అని పదిసార్లు పిలిచినా టోకెన్ సున్నా దగ్గరే ఉంటుంది. రీడ్‌ఓన్లీ ఫీల్డ్‌ని మెథడ్ చెడగొట్టకుండా కంపైలర్ ప్రతిసారీ చాటుగా ఒక కాపీ తీసి, ఆ కాపీ మీద మెథడ్ నడిపిస్తుంది. పెరిగింది కాపీ, అది అక్కడే పోతుంది. వార్నింగ్ కూడా ఉండదు. ఒక సమయంలో ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే స్పిన్‌లాక్ కూడా స్ట్రక్టే, దాన్ని రీడ్‌ఓన్లీ పెట్టొద్దనేది ఇందుకే, తాళం వేసేది కాపీకి. మారే స్ట్రక్ట్ అయితే రీడ్‌ఓన్లీ తియ్యండి. మారనిదైతే స్ట్రక్ట్‌నే రీడ్‌ఓన్లీ స్ట్రక్ట్‌గా ప్రకటించండి, సీ షార్ప్ 7.2 నుంచి ఉంది. అప్పుడు మెథడ్ ఏమీ మార్చదని కంపైలర్‌కి తెలుసు కాబట్టి కాపీలు తియ్యడం మానేస్తుంది.

స్టాటిక్ రీడ్‌ఓన్లీకి ఉన్న అసలు ప్రమాదం విలువ తెచ్చుకునే క్షణంలో ఉంది. కాన్‌స్ట్‌కి ఆ క్షణమే లేదు, కంపైలర్ దగ్గరే పనైపోయింది. స్టాటిక్ రీడ్‌ఓన్లీ ప్రోగ్రాం నడుస్తుండగా తయారవుతుంది, తయారయ్యేటప్పుడు విరగొచ్చు. కాన్ఫిగ్ నుంచి హద్దు చదివి ఇంట్ డాట్ పార్స్ చేసి స్టాటిక్ రీడ్‌ఓన్లీలో పెట్టారనుకోండి. షాపులో కాన్ఫిగ్‌లో ఆ కీ లేదు. పార్స్‌కి నల్ వెళ్లింది, ఎక్సెప్షన్ వచ్చింది. మీకు తెర మీద కనిపించేది మాత్రం టైప్ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్, "ఫలానా టైప్ మొదలవలేదు" అని. కంగారుపడకుండా ఇన్నర్ ఎక్సెప్షన్ తెరవండి, అసలు కారణం అందులో ఉంటుంది. ఇంకో సంగతి: ఒకసారి ఇలా విరిగిన క్లాసు ఆ ప్రాసెస్ బతికున్నంతసేపూ విరిగే ఉంటుంది. కాన్ఫిగ్ సరిచేసినా మళ్లీ ప్రయత్నించదు, ప్రోగ్రాం మూసి తెరవాలి. విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో అయితే యాప్ పూల్ రీసైకిల్ చెయ్యాలి. అందుకని స్టాటిక్ రీడ్‌ఓన్లీలో ఫైలు, డేటాబేస్, కాన్ఫిగ్, నెట్‌వర్క్ జోలికి పోవద్దన్నది మా గట్టి సలహా. అవన్నీ ప్రోగ్రాం మొదలయ్యే చోట చదివి, తనిఖీ చేసి, కన్‌స్ట్రక్టర్ ద్వారా ఇవ్వండి.

వరస కూడా చూసుకోవాలి. స్టాటిక్ ఫీల్డ్‌లు ఫైల్లో రాసిన వరసలోనే పైనుంచి కిందికి నిండుతాయి. పైన పట్టిక అనే ఫీల్డ్ కింద ఉన్న హద్దు అనే ఫీల్డ్‌ని వాడుకుంటే, ఆ సమయానికి హద్దు ఇంకా నిండలేదు, అందులో సున్నా ఉంటుంది. ఎర్రర్ రాదు, పట్టికలో సున్నా కూర్చుంటుంది. ఫీల్డ్‌లని అక్షర క్రమంలో సర్దే టూల్ ఒకటి నడిపితే చాలు, నిన్నటిదాకా పనిచేసిన కోడు ఇవాళ ఇలా అవుతుంది. పార్షియల్ క్లాసు రెండు ఫైళ్లలో ఉంటే ఏ ఫైలు ముందో భాష హామీ ఇవ్వదు. వరస ముఖ్యమైతే స్టాటిక్ కన్‌స్ట్రక్టర్ రాసి, అందులో మీకు కావలసిన వరసలో నింపండి.

వేగం కోసం అయితే

వేగం కోసం కాన్‌స్ట్ ఎంచుకోనక్కర్లేదు. డాట్ నెట్ కోర్ 3.0 నుంచి టయర్డ్ కంపైలేషన్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఎక్కువసార్లు నడిచే మెథడ్‌ని జిట్ (ప్రోగ్రాం నడుస్తుండగా పనిచేసే కంపైలర్) రెండోసారి కంపైల్ చేసేటప్పటికి స్టాటిక్ రీడ్‌ఓన్లీ నిండిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని కూడా అంకెలాగే చూస్తుంది. అందుకే ఆ తర్వాత రిఫ్లెక్షన్‌తో (పేరు పట్టుకుని దొడ్డిదారిన) ఆ ఫీల్డ్‌ని మార్చబోతే ఫీల్డ్ యాక్సెస్ ఎక్సెప్షన్ విసురుతుంది. టెస్టుల్లో ఆ కిటుకు వాడేవాళ్లు ఉంటే మానుకోండి.

స్టాటిక్ రీడ్‌ఓన్లీ చూసి కాన్‌స్ట్ చెయ్యమని సీఏ1802 అనే ఎనలైజర్ రూల్ సలహా ఇస్తుంది. ప్రైవేట్ ఫీల్డ్ మీదైతే వినండి. పబ్లిక్ మీదైతే పైన చెప్పిన డీఎల్‌ఎల్ గొడవ గుర్తుపెట్టుకుని, అవసరమైతే ఆ చోట అణిచెయ్యండి. ఐడీఈ0044 మాత్రం, అంటే ప్రైవేట్ ఫీల్డ్‌కి రీడ్‌ఓన్లీ చేర్చమనేది, దాదాపు ఎప్పుడూ మంచి సలహానే. మారే స్ట్రక్ట్ ఒక్కటే మినహాయింపు.

కాలేజీలో జావా నేర్చుకుని వచ్చినవాళ్లకి ఒక మాట: స్టాటిక్ ఫైనల్‌కి నేరుగా అంకె గానీ కోట్స్‌లో స్ట్రింగ్ గానీ ఇస్తే జావా కంపైలర్ కూడా అచ్చం కాన్‌స్ట్ లాగే వాడిన చోట గుద్దేస్తుంది. మెథడ్ పిలిచి విలువ తెచ్చుకుంటే గుద్దదు. జావాస్క్రిప్ట్ కాన్‌స్ట్ అయితే పేరుకే కాన్‌స్ట్, గుణం మన రీడ్‌ఓన్లీది: అర్రేలో పుష్ చెయ్యనిస్తుంది.

జీఎస్టీ రేటుకి రెండూ పనికిరావు

హద్దుని స్టాటిక్ రీడ్‌ఓన్లీ చేస్తే సమస్య తీరిందనుకోవడం కూడా తొందరపాటే. సెప్టెంబరు 20న అమ్మిన 1,800 రూపాయల షర్టు 25న వాపసు వస్తే, దాని మీద బిల్లులో వేసిన 12 శాతమే తిప్పాలి, కొత్త 5 శాతం కాదు. అంటే ఒకే రోజున ప్రోగ్రాంకి పాత హద్దూ కావాలి, కొత్త హద్దూ కావాలి. ఒక్క విలువ పట్టే ఫీల్డ్ ఏదైనా ఇక్కడ చేతులెత్తేస్తుంది. పన్ను రేట్లకి డేటాబేస్‌లో టేబుల్ పెట్టండి: హెచ్‌ఎస్‌ఎన్ కోడు, హద్దు, హద్దులోపు రేటు, దాటిన రేటు, అమల్లోకి వచ్చిన తేదీ. బిల్లు తేదీని బట్టి వరస ఎంచుకోండి. వాపసుకి అసలు బిల్లులో నమోదైన రేటునే తీసుకోండి. ఆ టేబుల్‌లో ఒక వరస చేర్చడానికి డీఎల్‌ఎల్ కూడా మార్చక్కర్లేదు.

ఇంకొకటి, లైబ్రరీ నుంచి బయటికి ఇచ్చే విలువ అయితే స్టాటిక్ రీడ్‌ఓన్లీ ఫీల్డ్ కన్నా స్టాటిక్ ప్రాపర్టీ మేలు:

పబ్లిక్ స్టాటిక్ ఇంట్ రెడీమేడ్_హద్దు => 2500;

జిట్ దీన్ని ఇన్‌లైన్ చేస్తుంది కాబట్టి వేగంలో తేడా ఉండదు. రేపు దీని లోపల టేబుల్ చదివే కోడు పెట్టినా పాత ఎగ్జీ అలాగే నడుస్తుంది. ఫీల్డ్‌గా ఇచ్చి తర్వాత ప్రాపర్టీ చేస్తే, మళ్లీ కంపైల్ చెయ్యని ఎగ్జీ మిస్సింగ్ ఫీల్డ్ ఎక్సెప్షన్‌తో పడిపోతుంది. ఎగ్జీ సోర్స్‌లో ఒక్క అక్షరం మారకపోయినా లోపల ఫీల్డ్ వేరు, ప్రాపర్టీ వేరు.

పాత కోడుని సరిచేసేటప్పుడు

ఇప్పటికే పబ్లిక్ కాన్‌స్ట్‌లతో నిండిన లైబ్రరీ చేతికొస్తే అన్నిటినీ ఒకేసారి తిరగెయ్యకండి. సొల్యూషన్ మొత్తంలో "పబ్లిక్ కాన్‌స్ట్" అని వెతకండి. బయటి ప్రాజెక్ట్ ఏదీ వాడనివాటిని ముందు ప్రైవేట్ లేదా ఇంటర్నల్ చెయ్యండి, లిస్ట్ అక్కడే చాలా తగ్గుతుంది. మిగిలినవాటిలో డబ్బు, శాతం, తేదీ, సర్వర్ అడ్రస్, జిల్లా లేదా రాష్ట్రం కోడు ఉన్నవాటిని ప్రాపర్టీలుగా మార్చండి. బిల్డ్ కొట్టగానే స్విచ్ కేసుల దగ్గర, యాట్రిబ్యూట్ల దగ్గర ఎర్రర్లు వస్తాయి. అవి వచ్చిన చోట కేసుని ఇఫ్‌గా మార్చడమా, లేక ఆ విలువని కాన్‌స్ట్‌గానే వదిలెయ్యడమా అన్నది ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

ఎర్రర్ రాని చోట్లే జాగ్రత్త. కాన్‌స్ట్‌ని ప్రాపర్టీ చేసినంత మాత్రాన షాపుల్లో ఉన్న పాత ఎగ్జీలు బాగుపడవు, వాటిలో పాత అంకె అచ్చయ్యే ఉంది. ఈ మార్పు వెళ్లే ఒక్కసారికి మాత్రం ఎగ్జీ, డీఎల్‌ఎల్‌లు అన్నీ కలిపి కొత్తవి పంపాలి. పంపాక షాపు మిషన్లో ఎగ్జీ మోడిఫైడ్ తేదీ చూడండి. 999, 1,000, 1,001, 2,500, 2,501 రూపాయలకి ఐదు టెస్ట్ బిల్లులు కొట్టండి. మొదటి నాలుగింటికి 5 శాతం, చివరిదానికి 18 శాతం పడాలి. 1,001 రూపాయలకి 12 పడితే ఎగ్జీ గానీ, మధ్యలో ఉన్న ఇంకో డీఎల్‌ఎల్ గానీ పాతదే ఉండిపోయినట్టు.